సద్ది డబ్బా ఖాళీగా ఇంటికి రావాలంటే: తిండికి మారాం చేసే పిల్లల కోసం

సాయంత్రం నాలుగున్నరకు వ్యాన్ దిగిన పిల్ల బ్యాగు సోఫా మీద పడేసి ఆటకు ఉరుకుతుంది. మీరు వంటింట్లో డబ్బా మూత తీస్తారు. పొద్దున పొగలు కక్కుతూ పెట్టిన టమాటా అన్నం డబ్బా ఆకారంలోనే గడ్డకట్టి ఉంటుంది. క్యారట్ ముక్కలన్నీ ఏరి ఒక అంచుకు వరుసగా పేర్చి ఉంటాయి. మూత లోపల నీటి చుక్కలు. నడిమధ్యలో చెంచాతో రెండు సార్లు తవ్విన గుంట. అది చూస్తే ఏ తల్లికైనా ప్రాణం ఉసూరుమంటుంది. పొద్దున్నుంచి ఏం తిని ఉంది ఈ పిల్ల అనే టెన్షన్ ఒకవైపు, అయిదున్నరకు లేచి చేసిందంతా చెత్తబుట్ట పాలైందన్న బాధ ఒకవైపు.

హనుమకొండలో మా ఇంట్లో రెండేళ్లు ఇదే కథ నడిచింది. పెద్దోడికి ఏది పెట్టినా తినేస్తాడు. చిన్నది మాత్రం ఎల్‌కేజీ నుంచీ దోశ, పెరుగన్నం, అరటిపండు తప్ప ఇంకోటి ముట్టేది కాదు. ఇప్పుడు మూడో తరగతి. వారంలో నాలుగు రోజులు డబ్బా ఖాళీగా వస్తోంది. ఈ మార్పుకు కొత్త వంటలేవీ కారణం కాదు. ఒక్క విషయం అర్థం కావడమే కారణం: స్కూలు డబ్బా కొత్త రుచులు నేర్పే చోటు కాదు. అమ్మ పక్కన లేకుండా, అంత గోలలో, ఇరవై నిమిషాల్లో పిల్ల తనంతట తాను తినాల్సిన చోటు అది. అందులో తెలిసిన తిండే ఉండాలి. కొత్తది నేర్పడం ఇంట్లో, రాత్రి పళ్లెం ముందు జరగాలి.

దీనికి దారి మన దగ్గరే ఉంది. కట్టుకుని పోయే తిండిని మనం సద్ది అంటాం. సద్దుల బతుకమ్మ రోజు మా ఊరి పద్మాక్షి గుండం చెరువు దగ్గరికి ఇంటింటి నుంచీ ఏం పట్టుకుపోతారో గుర్తు తెచ్చుకోండి. పులిహోర, నువ్వుల సద్ది, పల్లీల సద్ది, కొబ్బరి సద్ది, పెరుగు సద్ది. పొద్దున చేసి చీకటి పడ్డాక తినేవి. చల్లారినా రుచి పోదు, చేతికి జిడ్డు అంతగా అంటదు, పక్కన కూర అక్కర్లేదు. మన నానమ్మలు వాటిని ఊరికే ఎంచుకోలేదు. స్కూలు డబ్బాకు కూడా సరిగ్గా ఇవే గుణాలు కావాలి.

మొదటి వారం: వంట మార్చకండి, డబ్బాను చదవండి

ఒక చిన్న నోటుబుక్కు వంటింట్లో పెట్టుకోండి. అయిదు రోజులు మీరు ఎప్పుడూ పెట్టేదే పెట్టండి. సాయంత్రం తిరిగొచ్చిన డబ్బాలో ఏముందో ఒక్క లైను రాయండి. డబ్బా చాలా సంగతులు చెప్తుంది.

అసలు ముట్టనే లేదంటే ఆ రుచే నచ్చలేదనుకోకండి, ముందు మూత సంగతి చూడండి. మా చిన్నదానికి బెండకాయ పడదని రెండు నెలలు అనుకున్నాను. తీరా చూస్తే కూర పెట్టే డబ్బా క్లిప్పు గట్టిగా ఉండి దాని వేళ్లకు లొంగేది కాదు. ఆయమ్మను అడగడానికి సిగ్గు. మూత రాక, పక్క డబ్బాలో పెరుగన్నం తిని వచ్చేసేది. ఒక ఆదివారం కింద చాప వేసి, స్కూల్లో కూర్చున్నట్టే కూర్చోబెట్టి "బిడ్డా, నువ్వే తియ్యి చూద్దాం" అన్నప్పుడు గానీ నాకు తెలియలేదు. బొటనవేలు తెల్లబడేదాకా నొక్కింది, క్లిప్పు కదలలేదు. మీరు కూడా ఈ పరీక్ష తప్పకుండా పెట్టండి. డబ్బా, నీళ్ల సీసా, చెంచా పెట్టే గొట్టం, అన్నీ పిల్ల మూడు సార్లు తెరిచి మూయగలగాలి.

ముక్కలు ఏరి పక్కన పెట్టి ఉంటే పిల్లకు అన్నం నచ్చింది, మధ్యలో తగిలే మెత్తటి ముక్క నచ్చలేదు. అన్నీ సగం సగం తిని ఉంటే టైం చాలలేదు, లేదా మీరు ఎక్కువ పెట్టారు. పైన తిని అడుగున వదిలేస్తే అడుగున చెమ్మ చేరి ముద్దయింది. ఇష్టమైన దోశ కూడా వచ్చేసిందంటే చల్లారి తోలులా సాగుతోందని అర్థం. ఇవన్నీ వేర్వేరు జబ్బులు, మందులూ వేర్వేరే. "మా పిల్ల ఏమీ తినదు" అని ఒకే మాటలో తోసేస్తే ఏ ఒక్కదానికీ మందు దొరకదు.

పిల్లను అడిగే తీరు కూడా మార్చాలి. "ఎందుకు తినలే?" అని అడిగితే తప్పు చేసినదానిలా తల దించుకుంటుంది. "ఇయ్యాల నీ పక్కన ఎవరు కూర్చున్నరు? వాళ్ల డబ్బాలో ఏముండె?" అని అడగండి. ఫలానా పిల్ల దీని డబ్బా చూసి "ఛీ, వాసన" అన్నదని మాకు అలాగే బయటపడింది. ఎల్లిపాయ ఎక్కువ వేసిన రోజు అది. ఏడేళ్ల పిల్లకు ఆ మాట మామూలు దెబ్బ కాదు.

రెండో పని: ఎవరి బాధ్యత ఎంతో తేల్చుకోవడం

రెండేళ్ల నుంచి ఆరేళ్ల మధ్య చాలామంది పిల్లలకు కొత్త తిండి అంటే జంకు. అది మొండితనం కాదు, ఎదుగుదలలో ఒక దశ. చేదు వాళ్ల నాలుకకు మనకన్నా గట్టిగా తగులుతుంది. ఒక కొత్త పదార్థాన్ని పిల్ల ఒప్పుకోవాలంటే ఎనిమిది నుంచి పదిహేను సార్లు కంటి ముందుకు రావాల్సి ఉంటుంది. మనమేమో రెండుసార్లు పెట్టి, ఉమ్మేస్తే "దీనికి పడదు" అని ఆపేస్తాం.

ఎలిన్ సాటర్ అనే అమెరికా పోషకాహార నిపుణురాలు దీన్ని చక్కగా విడదీసి చెప్పారు. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ తినాలి అన్నవి పెద్దవాళ్లు చూసుకోవాలి. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లలకే వదిలేయాలి. వినడానికి తేలిక, చేయడానికి గుండె కావాలి. నోట్లో కుక్కడం, "నాలుగు ముద్దలు తింటే ఫోన్ ఇస్తా" అనడం, "తమ్ముడు చూడు ఎట్ల తింటున్నడో" అనడం, ఈ మూడూ ఆ రోజుకు పనిచేసినట్టే కనిపిస్తాయి. కానీ కూర అంటే శిక్ష, ఫోన్ అంటే బహుమానం అని పిల్ల మనసులో పడిపోతుంది.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ సంగతి వాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. మా అత్తమ్మకు పిల్ల ఖాళీ కడుపుతో ఉండడం చూడబుద్ధి కాదు. డబ్బా తినకుండా వచ్చిందని తెలిస్తే వెంటనే బిస్కెట్ ప్యాకెట్ చేతిలో పెట్టేది. ఆమె ప్రేమను కాదనలేం. అందుకే "అత్తమ్మా, బిస్కెట్ బదులు మీ చేతి గుడాలు పెట్టండి, అవైతే తింటది" అన్నాను. అప్పటినుంచి సాయంత్రం పూట బొబ్బెర్లో శనగలో ఉడకబెట్టి, ఉల్లిగడ్డ, ఎండుమిర్చి తాలింపు వేసి ఆమే పెడుతుంది. ఇంటికి రాగానే దొరికేది కూడా అన్నంతో సమానమైన తిండే కావాలి. చాక్లెట్లు, చిప్స్ అయితే పిల్ల మధ్యాహ్నం డబ్బా వదిలేసి సాయంత్రం కోసం ఎదురుచూస్తుంది.

పాల లెక్క కూడా చూడండి. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒకటి, పడుకునే ముందు ఇంకోటి, అందులో చక్కెర, పొడి. రోజుకు అర లీటరు దాటిందంటే ఆకలి అక్కడే చచ్చిపోతుంది, ఒంటికి ఇనుము అందడమూ తగ్గుతుంది. మేము ఒక గ్లాసు తీసేసిన వారంలోనే డబ్బాలో తేడా కనిపించింది.

మూడో పని: తెలిసిన తిండి నుంచి దాని పక్కింటికి

నోటుబుక్కులో మూడు వరుసలు గీయండి. రోజూ తినేవి, మూడ్ బాగుంటే తినేవి, అసలు ముట్టనివి. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని రాయండి. మొదటి వరుసలో అయిదే ఉన్నా ఫరవాలేదు. డబ్బాలో ఎప్పుడూ ఒకటి ఆ మొదటి వరుస నుంచి ఉండాలి. ఇంకొకటి రెండో వరుస నుంచి. మూడో వరుస డబ్బాలోకి రానే కూడదు, దాని చోటు రాత్రి పళ్లెంలో, ఒక మూలన, చెంచాడంత.

ఇప్పుడు మొదటి వరుసలోని ఒక్కో తిండికి పక్కిల్లు వెతకాలి. రుచి గానీ, రంగు గానీ, కరకరలాడే గుణం గానీ, ఒక్కటి మాత్రమే మారాలి. మాకు దోశ నుంచి సర్వపిండి (బియ్యప్పిండితో కాల్చే కారపు రొట్టె) దాకా నడవడానికి జూన్ నుంచి సంక్రాంతి సెలవుల దాకా పట్టింది. ముందు మామూలు దోశ పిండిలో పావు వంతు పెసరపిండి కలిపాను. రంగు కొంచెం పచ్చబడింది, అడిగింది, చెప్పాను. మూడు వారాల తర్వాత సగం సగం. దసరాకు పలుచటి పెసరట్టు. పెసరట్టులో కరకరలాడే అంచు దానికి ఇష్టమని గమనించి, అదే కరకర ఉండే సర్వపిండిని అరచేతంత చేసి రాత్రిపూట ఒక ముక్క ఇచ్చాను. మొదటి మూడు సార్లు వాసన చూసి పక్కన పెట్టింది. నాలుగోసారి అంచు కొరికింది. అదే నాకు పండగ. డబ్బాలోకి మాత్రం అది ఇంట్లో పూర్తిగా తినడం మొదలుపెట్టాకే వచ్చింది.

పెరుగన్నం తినే పిల్లలకైతే దాంట్లో దానిమ్మ గింజలు, తర్వాత కీరా తురుము, తర్వాత క్యారట్ తురుము. చక్కెర చపాతీ తినేవాళ్లకు చక్కెర బదులు బెల్లం తురుము, తర్వాత బెల్లంలో నువ్వుల పొడి, చివరికి మలీద ఉండలు (చపాతీ, బెల్లం కలిపి నలిపి చుట్టేవి). ఆలుగడ్డ వేపుడు ఒక్కటే తినేవాళ్లకు అదే సైజులో, అదే కరకరతో చామగడ్డ. ఇలా ఒక్కో అడుగుకు రెండు మూడు వారాలు ఇవ్వండి. వెనక్కి తగ్గితే మీరూ ఒక అడుగు వెనక్కి రండి, కోపం వద్దు.

కూరగాయలు దొంగచాటుగా కలపడం గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. తురిమి కలపడం తప్పు కాదు, అబద్ధం చెప్పడం తప్పు. "ఇందులో ఏమైనా వేసినవా అమ్మా?" అని అడిగినప్పుడు "ఏం లేదు" అని, తర్వాత పాలకూర బయటపడితే ఆ పిల్ల దోశను కూడా నమ్మడం మానేస్తుంది. ఉన్న అయిదింటిలో ఒకటి పోతుంది.

నాలుగో పని: అయిదు గంటలు నిలబడేలా వండడం

పొద్దున ఏడుంబావుకు డబ్బా కడితే పిల్ల తినేది పన్నెండున్నరకు. ఇంటి పళ్లెంలో బాగున్నది డబ్బాలో బాగుంటుందన్న నమ్మకం లేదు. పైగా వండిన తిండిని మామూలు వేడిలో రెండు గంటలకు మించి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. 60 డిగ్రీల పైన వేడిగా గానీ, 5 డిగ్రీల లోపు చల్లగా గానీ ఉంటేనే సూక్ష్మక్రిములు పెరగడం ఆగుతుంది, లేదా బాగా నెమ్మదిస్తుంది. స్కూలు బ్యాగులో ఫ్రిజ్ ఉండదు కాబట్టి మనకు రెండే దారులు. ఒకటి, వేడి పట్టి ఉంచే డబ్బాలో సలసల కాగేంత వేడిగా పెట్టడం. రెండోది, నీళ్లు తక్కువ, పులుపో నూనె గింజలో ఎక్కువ ఉన్న సద్ది రకాలు పెట్టడం. గోరువెచ్చగా మూత పెట్టడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి.

పప్పన్నం, కిచిడి, సాంబారన్నం లాంటివి వేడి డబ్బాలోకే. ముందు ఆ డబ్బాలో మరిగిన నీళ్లు పోసి మూత బిగించి పది నిమిషాలు ఉంచండి. నీళ్లు పారబోసి, పొయ్యి మీద నుంచి దించిన అన్నాన్ని నేరుగా అందులోకి నింపండి. డబ్బాలో సగం ఖాళీ ఉంటే వేడి నిలవదు, కాబట్టి చిన్న డబ్బానే కొనండి. పప్పన్నం కొంచెం జారుగా కలపాలి, మధ్యాహ్నానికి బిగుసుకుంటుంది కదా. నెయ్యి ఒక చెంచా ఎక్కువ వేయండి.

పులిహోర, నువ్వుల సద్ది లాంటివి మామూలు స్టీలు డబ్బాలోకి. ఇక్కడ అంతా బియ్యంలో ఉంది. కొత్త బియ్యం ముద్దవుతుంది. కనీసం ఆరేడు నెలలు, దొరికితే ఏడాది పాతబడిన సన్నబియ్యం తీసుకుంటే మెతుకు మెతుకు విడిపోతుంది. గ్లాసుకు రెండు గ్లాసుల కన్నా కొంచెం తక్కువ నీళ్లు పోయండి. ఉడకగానే వెడల్పాటి తాంబాలంలో పరిచి, చెంచాడు నూనె, చిటికెడు పసుపు చల్లి, ఫ్యాను కింద పెట్టండి. పూర్తిగా ఆరాకే కలపాలి, పూర్తిగా ఆరాకే మూత పెట్టాలి. మూత లోపల నీటి చుక్కలు కనిపించాయంటే ఆవిరి పోకముందే మూసేశారన్నమాట. ఆ చుక్కలే మెతుకులను గడ్డ కట్టిస్తాయి, ఆ చెమ్మలోనే తిండి తొందరగా పాడవుతుంది.

నువ్వుల సద్ది ఇలా చేయండి. పెద్ద కప్పుడు అన్నానికి రెండు చెంచాల తెల్ల నువ్వులు సన్నటి మంట మీద చిటపటమనేదాకా వేయించాలి. రంగు మారితే చేదు వస్తుంది, ఆ ఒక్కటీ జాగ్రత్త. చల్లారాక ఒక ఎండుమిర్చి, ఉప్పు వేసి బరకగా పొడి చేయాలి. మెత్తగా తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. తాలింపులో ఆవాలు, జీలకర్ర, కరివేపాకు. కరివేపాకు ఏరి పారేసే పిల్లలైతే దాన్నీ నువ్వులతో పాటు వేయించి పొడిలో కలిపేయండి, అడిగితే చెప్పండి. నువ్వుల బదులు వేయించి పొట్టు తీసిన పల్లీలు వేస్తే పల్లీల సద్ది. ఈ పొడులు ఆదివారం చేసి సీసాలో పెట్టుకుంటే పొద్దున పని పది నిమిషాలే.

సర్వపిండి డబ్బాకు బంగారం లాంటి వస్తువు. రెండు గ్లాసుల బియ్యప్పిండికి గుప్పెడు నానబెట్టిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, రెండు చెంచాల నువ్వులు, సన్నగా తరిగిన ఉల్లికాడలు, కొత్తిమీర, ఉప్పు, కారం. సొరకాయ తురుము వేయడం మన ఇళ్లలో పాత అలవాటే. తురుములోని నీళ్లతోనే పిండి చాలావరకు కలిసిపోతుంది, అందుకే నీళ్లు చివర్లో చూసి చల్లుకోవాలి. పిల్లల కోసం పెద్ద గిన్నె నిండా కాకుండా చిన్న పెనం మీద అరచేతంత బిళ్లలుగా అద్ది, వేలితో రెండు మూడు రంధ్రాలు పెట్టి, రంధ్రాల్లో నూనె వేసి, మూత పెట్టి సన్నటి మంట మీద కాల్చండి. అడుగు ఎర్రగా, పైన మెత్తగా వస్తుంది. డబ్బా అడుగున పేపర్ నాప్కిన్ పరిచి, చల్లారాక నిలబెట్టి పేర్చితే మధ్యాహ్నం దాకా అంచు కరకర పోదు. ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే చెమ్మ పట్టి మెత్తబడతాయి.

కారం విషయంలో వరంగల్ వాళ్లం అదృష్టవంతులం. మన చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. టమాటా మిర్చి అని కూడా అంటారు. రంగు దట్టంగా ఎర్రగా ఉంటుంది, కారం మాత్రం తక్కువ. పిల్లల డబ్బా కోసం ఈ కారం విడిగా ఒక సీసాలో ఆడించి పెట్టుకోండి. ఇంట్లో అందరూ తినే ఎర్రటి కూరే తానూ తింటున్నానని పిల్లకు సంతోషం, నాలుక మండదు.

గుడ్డు పెడితే వాసన గురించి జాగ్రత్త పడాలి. ఎక్కువసేపు ఉడికితే పచ్చసొన చుట్టూ బూడిద రంగు వచ్చి వాసన పుడుతుంది. నీళ్లు మరిగాక పది నిమిషాలు చాలు, వెంటనే చల్లటి నీళ్లలో వేయండి. గుడ్డు పెంకుతోనే పంపండి, కోసి పెడితే తొందరగా పాడవుతుంది. పెంకు ఒలుచుకోవడం ఇంట్లో నేర్పండి, పిల్లలకు అదొక సరదా. కొన్ని స్కూళ్లలో గుడ్డు తేనివ్వరు, ముందే కనుక్కోండి. అయిదేళ్ల లోపు పిల్లలకు పల్లీలు గింజలుగా పెట్టొద్దు, గొంతులో అడ్డం పడతాయి. ద్రాక్షపండ్లు నిలువునా నాలుగు చీలికలు చేసి పెట్టండి. క్లాసులో ఎవరికైనా పల్లీలు పడవని టీచర్ చెప్పి ఉంటే ఆ నియమం పాటించాలి.

ఎండాకాలంలో కొబ్బరి చట్నీ, పనీర్, ఆలుగడ్డ ముద్దకూర పంపకండి. పెరుగన్నం పంపాలంటే పెరుగు కలపకండి. కాచి చల్లార్చిన పాలతో అన్నం జారుగా కలిపి, చెంచాడు పెరుగు తోడు వేసి పంపితే మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుంటుంది, పులవదు. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక అన్నం డబ్బా అవసరమే ఉండదు, చిన్న డబ్బాలో నాలుగు నువ్వుల లడ్డూలో జామకాయ ముక్కలో చాలు. ఇంటికి రాగానే ఉప్పు వేసిన సల్ల ఇవ్వండి.

అయిదో పని: తక్కువ పెట్టడం

ఇది తల్లులకు అన్నిటికన్నా కష్టం. నేను రెండేళ్లు డబ్బాను నా భయంతో నింపాను, దాని ఆకలితో కాదు. నింపిన డబ్బా తెరవగానే పిల్లకు "ఇదంతా ఎప్పుడు తినాలి" అనిపిస్తుంది. సగానికి తగ్గించండి. మొదటి రోజు ఖాళీ డబ్బా తెచ్చి "అమ్మా, మొత్తం తిన్న!" అని చూపించినప్పుడు దాని ముఖంలో వెలుగు చూస్తే, ఆ వెలుగు కోసమైనా తగ్గించవచ్చు అనిపిస్తుంది. రెండు వారాలు వరుసగా ఖాళీగా వస్తే ఒక చెంచా పెంచండి.

బలం చాలదేమో అన్న భయానికి లెక్క చెప్తాను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు 16 గ్రాములు, ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు 23 గ్రాముల మాంసకృత్తులు చాలు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటాయి. 25 గ్రాముల పల్లీలలో కూడా దాదాపు అంతే. అంటే డబ్బాలో ఒక గుడ్డో, ఒక గుప్పెడు పల్లీల పొడి కలిపిన సద్దో ఉంటే మధ్యాహ్నం వాటా అందినట్టే. మిగతాది పొద్దున, రాత్రి పప్పు, పెరుగు చూసుకుంటాయి. ఒక్క డబ్బాతో అన్ని లోట్లూ తీర్చాలని చూడకండి.

పొద్దుటి హడావుడి తగ్గాలంటే

ఆదివారం సాయంత్రం ఒక గంట చాలు. నువ్వుల పొడి, పల్లీల పొడి, పులిహోర గుజ్జు సిద్ధం చేసుకోండి. వారం డబ్బాలు పిల్లతోనే ఎంచుకోండి, కానీ "ఏం కావాలి?" అని అడగకండి, దోశ తప్ప జవాబు రాదు. "సోమవారం నువ్వుల సద్దా, పులిహోరా?" అని రెండిట్లో ఒకటి ఎంచుకోమనండి. తను ఎంచుకున్నది తినకుండా తేవడం తక్కువ.

మా వారం ఇప్పుడు ఇలా నడుస్తోంది: సోమవారం పులిహోర, గుడ్డు. మంగళవారం పెసరట్టు ముక్కలు, అరటిపండు. బుధవారం వేడి డబ్బాలో పప్పన్నం, పక్కన అప్పడం. గురువారం సర్వపిండి, చిన్న డబ్బాలో కీరా. శుక్రవారం దాని ఇష్టం, ఏదైనా సరే, నేను మాట్లాడను. శనివారం పల్లీల సద్ది. సీతాఫలాలు అంగట్లోకి వచ్చినప్పుడు పండు డబ్బాకు మాత్రం పంపను, గింజలు ఉమ్మేసరికే బెల్లు కొడతారు. జామకాయ, రేగుపండ్లు, దానిమ్మ బాగా పనికొస్తాయి.

డాక్టర్‌కు చూపించాల్సిన పిల్లలు

మారాం చేసే పిల్లల్లో ఎక్కువమంది బాగానే పెరుగుతారు. కానీ బరువు తగ్గుతున్నా, ఏడాదిగా బట్టల సైజు మారకపోయినా ఊరుకోవద్దు. తినే రకాలు ఇరవైకి లోపే ఉండి ఇంకా తగ్గిపోతుంటే, గట్టి తిండి నోట్లో పెట్టగానే డోకు వస్తుంటే, మింగేటప్పుడు దగ్గుతుంటే, మలబద్ధకంతో పొట్ట ఎప్పుడూ బిగుసుకుని ఉంటే అది మారాం కాదు. బలపాలు, సున్నం, మట్టి తింటుంటే, కింది కనురెప్ప లోపలి వైపు తెల్లగా పాలిపోయి ఉంటే రక్తహీనత ఉందేమో పరీక్ష చేయించాలి. స్కూళ్లలో, అంగన్‌వాడీల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర ఆ రోజు పిల్ల బడికి పోక తప్పిపోయిందేమో కూడా చూసుకోండి. పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ నోటుబుక్కు పట్టుకెళ్లండి. "ఏమీ తినదు డాక్టర్" అనే మాట కన్నా, ఏ రోజు ఏం పెట్టారు, ఎంత మిగిలింది అని మీరు రాసిన రెండు వారాల లెక్క చూస్తే వాళ్లకు సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.